భాగం 7: కరువు సీమ రైలుమార్గం – నల్లమల లోయ వంతెన పరిశీలన

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 ఈ మార్గం ఎందుకు కావలసి వచ్చింది?
7.3 లోయను దాటడానికి వంతెనే ఎందుకు?
7.4 ట్రస్ ఎలా పనిచేస్తుంది?
7.5 చూడడానికి వెళ్ళినప్పుడు
7.6 వంతెన చేయగలిగింది, చేయలేనిది
7.7 సారాంశం
7.8 ముఖ్య పదాలు
7.9 నమూనా పరీక్ష ప్రశ్నలు
7.10 ‘మీ ప్రగతిని సరిచూసుకోండి’ – జవాబులు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• గుంతకల్లు నుంచి నల్లమల మీదుగా కృష్ణా తీరానికి రైలుమార్గం వేయడానికి గల కారణాలను వివరించగలుగుతారు.
• లోతైన లోయను దాటడానికి మట్టికట్ట కంటే వంతెన ఎందుకు మేలో లెక్కకట్టి చెప్పగలుగుతారు.
• ట్రస్ వంతెనలో ఏ కడ్డీ లాగుడుకు, ఏ కడ్డీ నొక్కుడుకు గురవుతుందో గుర్తించగలుగుతారు.
• కరువు నివారణలో రవాణా సౌకర్యానికి ఉన్న పాత్రను, దాని పరిమితిని చర్చించగలుగుతారు.

7.1 పరిచయం

గుంతకల్లు నుంచి గుంటూరు వైపు రైలెక్కితే మొదట ఎర్రనేలలు, బండరాళ్ల గుట్టలు, వేరుశనగ చేలు కనిపిస్తాయి. డోన్, నంద్యాల దాటాక గాజులపల్లె దగ్గర నేల స్వరూపం మారుతుంది. చెలమ, దిగువమెట్ట స్టేషన్ల మధ్య రైలు నల్లమల అడవిలో కొండలను తొలుచుకుని, వాగులను దాటుకుని పోతుంది. గిద్దలూరు చేరేసరికి కొండలు వెనకబడతాయి. అక్కడినుంచి కంభం, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేటల మీదుగా డెల్టా దగ్గరవుతుంది.

మీరు ప్రయాణించే పట్టాలు మొదట వేసిన దారినే అంతటా అనుసరించడం లేదు. 1880వ దశకంలో ఇక్కడ మీటరు గేజి మార్గం వేసినప్పుడు నల్లమలలోని ఒక లోతైన లోయ మీద ఇనుప దూలాల ఎత్తైన వంతెన కట్టారు. దానినే దొరబావి వంతెన అంటారు. 1990వ దశకంలో ఈ మార్గాన్ని బ్రాడ్ గేజికి మార్చినప్పుడు కొండల్లో కొత్త దారి వేశారు. పాత వంతెన వాడుకలో నుంచి తప్పుకుంది.

జనవాసాలు పలచగా ఉన్న అడవిలో అంత శ్రమపడి వంతెన కట్టడం ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు నల్లమలలో దొరకదు. కొండలకు పడమట ఉన్న అనంతపురం, బళ్లారి మెట్టభూముల్లోనూ, తూర్పున ఉన్న కృష్ణా డెల్టాలోనూ దొరుకుతుంది. అందువల్ల ఈ భాగంలో మనం వంతెనను మూడు ప్రశ్నలతో పరిశీలిద్దాం. ఇది ఎవరి కోసం? ఇక్కడే ఎందుకు? ఇది బరువును ఎలా మోస్తుంది?

7.2 ఈ మార్గం ఎందుకు కావలసి వచ్చింది?

7.2.1 నేల, వాన, కరువు

అనంతపురం ప్రాంతం రెండు రుతుపవనాలకూ దూరంగా ఉంది. నైరుతి రుతుపవనాల తేమను పడమటి కనుమలు ముందే ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పుతీరం నుంచి ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కాస్త వాన కూడా అదునుకు పడుతుందన్న నమ్మకం లేదు.

1876–78 నాటి మహా కరువు మద్రాసు ప్రెసిడెన్సీని, మైసూరును, దక్కన్ ప్రాంతాన్ని కుదిపివేసింది. అది మొదలైన తెలుగు సంవత్సరం పేరుమీద దానిని ధాత కరువు అని కూడా అంటారు. ఈ కరువులో యాభై లక్షలకు పైగా మనుషులు చనిపోయారని చరిత్రకారుల అంచనా. అందరికంటే ఎక్కువగా దెబ్బతిన్న ప్రాంతాలలో బళ్లారి జిల్లా ఒకటి. నేటి అనంతపురం అప్పటికి అందులో భాగమే. 1882లో అనంతపురం వేరే జిల్లాగా ఏర్పడింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ కరువు నాటికే ఈ ప్రాంతంలో రైలు ఉంది. మద్రాసు నుంచి తాడిపత్రి, గుత్తి మీదుగా రాయచూరుకు పోయే మార్గం 1871లోనే పూర్తయింది. మద్రాసు రేవులో దిగిన ధాన్యం రైలులో గుత్తి దాకా వచ్చింది. సమస్య స్టేషను దాటిన తరువాత మొదలైంది. అక్కడినుంచి పల్లెలకు ధాన్యం చేరాలంటే ఎడ్లబండే దిక్కు.

7.2.2 ఎడ్లబండి లెక్క

కరువులో ఎడ్లబండి ఎందుకు విఫలమవుతుందో ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. ఒక బండి మీద 600 కిలోల జొన్నలు వేసుకుని 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి బయలుదేరారనుకోండి. ఎడ్లు రోజుకు 20 కిలోమీటర్లు నడిస్తే పోవడానికి 10 రోజులు, రావడానికి 10 రోజులు పడుతుంది. జత ఎడ్లకు రోజుకు 16 కిలోల మేత అనుకుంటే 20 రోజులకు 320 కిలోలు కావాలి.

మంచి కాలంలో ఈ మేతకు బాధ లేదు. దారి పక్కన గడ్డి ఉంటుంది, చెరువులో నీళ్లుంటాయి. కరువు కాలంలో గడ్డిపరక కూడా ఉండదు. మేతను కూడా బండిమీదే మోయాలి. అప్పుడు 600 కిలోల బరువులో జొన్నలకు మిగిలే చోటు 280 కిలోలే. దూరం ఇంకా పెరిగితే బండి ఎడ్ల మేతను తప్ప మరి దేనినీ మోయలేదు. అంటే ధాన్యం అవసరం పెరిగే కాలంలోనే దానిని మోసే సాధనం కుంటుపడుతుంది. ఎడ్లు కూడా మేత లేక చనిపోతే ఆ సాధనం అసలే ఉండదు.

రైలింజనుకు బొగ్గు, నీరు చాలు. దానికి పశుగ్రాసంతో పనిలేదు. కరువు కాలంలో రైలుకు ఉన్న అసలైన బలం వేగం కంటే ఇదే.

7.2.3 రైలా, కాలువా?

కరువు తరువాత రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన ఏర్పడిన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. కరువు రక్షణ కోసం రైలుమార్గాలను విస్తరించాలని సూచించింది. లాభం తక్కువైనా ప్రాణరక్షణ కోసం వేసే ఇలాంటి వాటిని ‘రక్షణ మార్గాలు’ అన్నారు. బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే ఇటువంటిదే. గుంతకల్లు నుంచి కృష్ణా తీరానికి పోయే ఈ మార్గాన్ని సదరన్ మరాఠా రైల్వే నడిపింది.

తూర్పు కొసన డెల్టా ఉంది. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు ప్రాంతమే ఆకలితో అల్లాడింది. గోదావరి మీద 1852లో, కృష్ణ మీద బెజవాడ దగ్గర 1855లో ఆనకట్టలు పూర్తయ్యాక కోస్తా జిల్లాల్లో వరి మిగులు ఏర్పడింది. ఆ మిగులుకు, పడమటి మెట్టభూములకు మధ్య నల్లమల అడ్డుగోడలా నిలిచి ఉంది. ఆ గోడలో దారి తీయడమే ఈ మార్గం చేసిన పని.

ఈ విధానాన్ని అందరూ ఒప్పుకోలేదు. గోదావరి ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్ రైళ్లకంటే కాలువలకు డబ్బు పెట్టాలని వాదించాడు. రైలు ఉన్న ధాన్యాన్ని మోస్తుంది, నీరు లేని ధాన్యాన్ని పండిస్తుంది అన్నది ఆయన వాదంలోని సారం. ఈ చర్చ రాయలసీమలో నేటికీ ముగిసిపోలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – I

1. 1876–78 కరువులో రైలు స్టేషను దాటిన తరువాత ధాన్య రవాణాకు కలిగిన ఆటంకం ఏమిటి?
2. పై లెక్కలో ఊరు 100 కిలోమీటర్ల దూరంలోనే ఉంటే బండి ఎన్ని కిలోల జొన్నలు మోయగలదు?

7.3 లోయను దాటడానికి వంతెనే ఎందుకు?

రైలుకు ఎత్తుపల్లాలంటే పడదు. ఉక్కు చక్రం ఉక్కు పట్టామీద సులువుగా దొర్లుతుంది. అదే కారణంగా వాలు ఎక్కేటప్పుడు సులువుగా జారుతుంది కూడా. కాబట్టి వాలును చాలా తక్కువగా ఉంచాలి. 100 మీటర్ల దూరానికి 1 మీటరు ఎత్తు అనుకుందాం. 40 మీటర్ల లోతైన లోయలోకి దిగాలంటే 4 కిలోమీటర్ల పొడవైన దారి కావాలి. మళ్లీ ఎక్కడానికి మరో 4 కిలోమీటర్లు. కాలినడకన వాగు దిగి ఎక్కే మనిషికి ఇది పది నిమిషాల పని. రైలుకు అది 8 కిలోమీటర్ల చుట్టుదారి.

దిగకుండా దాటాలంటే రెండు మార్గాలున్నాయి. ఒకటి మట్టికట్ట, రెండోది వంతెన. కట్టమీద 6 మీటర్ల వెడల్పు, రెండు వైపులా మీటరు ఎత్తుకు 2 మీటర్ల వాలు ఉంటుందనుకోండి. కట్టను అడ్డంగా కోసినప్పుడు కనిపించే వైశాల్యం:

10 మీటర్ల ఎత్తులో: (6 × 10) + (2 × 10 × 10) = 260 చదరపు మీటర్లు
40 మీటర్ల ఎత్తులో: (6 × 40) + (2 × 40 × 40) = 3,440 చదరపు మీటర్లు

ఎత్తు నాలుగింతలైతే మట్టి పదమూడింతలు దాటింది. పైగా కట్ట వాగుకు అడ్డంగా పడుతుంది. వానాకాలంలో నల్లమల వాగులు ఒక్కసారిగా పొంగుతాయి. అందుకే లోతు తక్కువైన చోట కట్ట, లోతు ఎక్కువైన చోట వంతెన అన్నది రైలుమార్గాల్లో సాధారణ నియమం.

మీటరు గేజి ఎంచుకోవడానికీ ఇటువంటి కారణమే ఉంది. పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు ఉండే బ్రాడ్ గేజి కంటే 1,000 మిల్లీమీటర్లు ఉండే మీటరు గేజికి ఖర్చు తక్కువ. కొండల్లో ఇరుకైన మలుపులు తిరగడం తేలిక. అయితే దీనికి ఒక నష్టం ఉంది. మద్రాసు మార్గం బ్రాడ్ గేజి కావడంవల్ల గుంతకల్లులో ఒక గేజి బండినుంచి బస్తాలు దించి మరో గేజి బండికి ఎక్కించవలసి వచ్చేది. 1990వ దశకంలో మార్గాన్ని బ్రాడ్ గేజికి మార్చడంతో ఆ ఇబ్బంది తొలగింది. కొండల్లో ఇరుకు మలుపుల పాత దారి కూడా పక్కకు తప్పుకుంది.

7.4 ట్రస్ ఎలా పనిచేస్తుంది?

7.4.1 దూలం వంగినప్పుడు

ఒక పచ్చికర్రను రెండు రాళ్ల మీద పెట్టి నడుమ కాలితో నొక్కండి. కింది వైపు నారలు సాగి తెగుతాయి. పై వైపు నొక్కుకుని ముడతపడుతుంది. మధ్యలోని చేవకు అంతగా ఏమీ కాదు. దీనినిబట్టి బరువు మోసే దూలంలో పై అంచుకు నొక్కుడు, కింది అంచుకు లాగుడు తగులుతాయని తెలుస్తోంది. నడుమ ఉన్న పదార్థం బరువు మోయడంలో చేసే సాయం తక్కువ. అది తన బరువును మాత్రం దూలం మీద మోపుతుంది.

ఇంజనీరు ఆ నడుమ భాగాన్ని చాలావరకు తీసివేసి, పై అంచును, కింది అంచును కడ్డీలతో కలుపుతాడు. ఆ కడ్డీల అల్లికే ట్రస్. దీనివల్ల తక్కువ లోహంతో ఎక్కువ లోతైన దూలం తయారవుతుంది. ఖాళీల గుండా గాలి కూడా పోతుంది.

7.4.2 త్రిభుజం బలం

నాలుగు కర్రలను నాలుగు మూలల్లో ఒక్కొక్క మేకుతో బిగించి చతురస్రం చేయండి. ఒక మూల నెడితే అది పక్కకు ఒరుగుతుంది. కీళ్లు వదులైన మంచం ఊగేది ఇందుకే. మూడు కర్రలతో త్రిభుజం చేస్తే కర్ర విరిగితే తప్ప ఆకారం మారదు. తోట తలుపుకు ఒక మూలనుంచి మరో మూలకు వడ్రంగి ఏటవాలు చెక్క కొట్టేది దానిని రెండు త్రిభుజాలుగా మార్చడానికే. ట్రస్ వంతెన అంటే ఇటువంటి త్రిభుజాల వరుస.

7.4.3 లావు కడ్డీ, సన్న కడ్డీ

తాడును ఎంత లాగినా వంకర పోదు. సన్నని పుల్లను రెండు చివరల నుంచి నొక్కితే పక్కకు వంగి విరుగుతుంది. అందువల్ల నొక్కుడు మోసే కడ్డీలు లావుగా, డబ్బా ఆకారంలో ఉండాలి. లాగుడు మోసేవి సన్నగా ఉన్నా సరిపోతుంది. రెండు చివరల ఆనించిన ట్రస్‌లో పై అంచు నొక్కుడును, కింది అంచు లాగుడును మోస్తాయి. ఏ కడ్డీ ఏ పని చేస్తుందో దాని ఆకారమే చాలావరకు చెబుతుంది.

7.4.4 గాలి, ఎండ

ఎత్తైన వంతెనకు రైలు బరువుతోపాటు గాలి కూడా పరీక్షే. 1879 డిసెంబరు 28 రాత్రి స్కాట్లాండులో టే నది వంతెన నడిమి భాగం పెనుగాలికి రైలుతో సహా కూలిపోయింది. సుమారు 75 మంది మరణించారు. ఆ తరువాత వంతెనల నమూనాల్లో గాలి ఒత్తిడిని లెక్కించడం తప్పనిసరి అయింది. నల్లమల మార్గం వేసింది ఈ ప్రమాదం జరిగిన కొద్ది సంవత్సరాలకే.

ఎత్తైన లోయల్లో ఉక్కు గోపురాల మీద వంతెనను నిలబెట్టే పద్ధతి ఒకటి ఉంది. బర్మాలో 1901లో పూర్తయిన గోక్‌టెయిక్ వంతెన దీనికి పేరుపొందిన ఉదాహరణ. దాని ఎత్తు సుమారు 100 మీటర్లు, పొడవు దాదాపు 690 మీటర్లు. ఇటువంటి గోపురాల కాళ్లు కిందికి పోయేకొద్దీ ఎడంగా ఉంటాయి. గాలికి నిలదొక్కుకునే మనిషి కాళ్లు ఎడంగా పెట్టినట్లే ఇది కూడా.

ఎండకు ఉక్కు సాగుతుంది. ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే మీటరు ఉక్కు సుమారు 0.000012 మీటర్లు పెరుగుతుంది. 91.5 మీటర్ల ట్రస్‌లో చలికాలపు తెల్లవారుజాముకూ వేసవి మధ్యాహ్నానికీ 40 డిగ్రీల తేడా ఉంటే:

91.5 × 0.000012 × 40 = సుమారు 0.044 మీటర్లు, అంటే 44 మిల్లీమీటర్లు

ఈ సాగుబాటుకు చోటివ్వకపోతే ట్రస్ స్తంభాన్ని నెడుతుంది. అందుకే ఒక చివర బిగించి, మరో చివరను జరగగలిగే బేరింగు మీద ఉంచుతారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – II

3. పైన చెప్పిన కొలతలతోనే కట్ట ఎత్తు 20 మీటర్లైతే అడ్డుకోత వైశాల్యం ఎంత?
4. ట్రస్‌లో నొక్కుడు మోసే కడ్డీ లావుగా ఎందుకు ఉండాలి?

7.5 చూడడానికి వెళ్ళినప్పుడు

దొరబావి ప్రాంతం రక్షిత అడవిలో ఉంది. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడికి వెళ్లకూడదు. రైలు పట్టాల మీద నడవడం నేరం, ప్రాణాపాయం కూడా. ఈ భాగానికి కావలసిన పరిశీలనను మీరు రైలు కిటికీ నుంచే చేయవచ్చు. నంద్యాల–గిద్దలూరు మధ్య పగటి ప్రయాణం ఎంచుకోండి. ఎక్కడ కట్ట, ఎక్కడ సొరంగం, ఎక్కడ వంతెన వచ్చాయో వరుసగా రాసుకోండి. ప్రతిచోటా ‘ఇక్కడ ఇదే ఎందుకు?’ అని ప్రశ్నించుకోండి.

ట్రస్ నిర్మాణాన్ని దగ్గరగా చూడడానికి రాజమహేంద్రవరం అనువైన చోటు. అక్కడ గోదావరి మీద 1900లో ప్రారంభమైన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు–రైలు వంతెన, 1997 నాటి కాంక్రీటు విల్లు వంతెన ఉన్నాయి. ఇక్కడ లోయ లేదు, వెడల్పైన నది ఉంది. అయినా బరువు మోసే సూత్రం ఒక్కటే. రోడ్డు–రైలు వంతెనలో 91.5 మీటర్ల ఉక్కు ట్రస్‌లు 27 ఉన్నాయి. బస్సులు పైన, రైళ్లు కింద పోతాయి. కొవ్వూరు వైపునుంచి ఆ వంతెన మీదుగా రైలులో వస్తే ట్రస్ కడ్డీలు కిటికీ పక్కనుంచే దాటిపోతాయి. ఏటవాలు కడ్డీలు ఎటు వాలి ఉన్నాయి, ఏవి లావు, ఏవి సన్నం అన్నది చూడండి.

పరిశీలన పుస్తకంలో ఈ అంశాలు ఉండాలి: (అ) తేదీ, సమయం, చూసిన చోటు; (ఆ) ఒక ట్రస్ రేఖాచిత్రం; (ఇ) నొక్కుడు, లాగుడు కడ్డీలకు వేర్వేరు గుర్తులు; (ఈ) వంతెన ఏ రెండు ప్రాంతాలను కలుపుతోంది, వాటి మధ్య ఏ సరుకు, ఏ మనుషులు ప్రయాణిస్తున్నారు అన్న వివరణ. ఈ చివరి అంశాన్ని చాలామంది విద్యార్థులు వదిలేస్తారు. తోటి ప్రయాణికులను అడిగితే దీనికి జవాబు తేలికగా దొరుకుతుంది.

7.6 వంతెన చేయగలిగింది, చేయలేనిది

వంతెన రెండు ప్రాంతాలను కలుపుతుంది. కానీ ధాన్యం ఎటు పోవాలన్నది వంతెన నిర్ణయించదు. ధర ఎక్కువ ఉన్నవైపుకు, కొనగలిగిన మనిషి ఉన్నవైపుకు సరుకు పోతుంది. 1876–78 కరువు కాలంలోనే భారతదేశం నుంచి ఇంగ్లండుకు గోధుమ ఎగుమతి అయింది. రేవుకు సరుకు చేర్చిందీ రైళ్లే. అంటే రైలు కరువు ప్రాంతానికి ధాన్యం తేగలదు, అక్కడి ధాన్యాన్ని తీసుకునీ పోగలదు.

రెండు కరువులను పోల్చి చూడండి. 1866లో ఒరిస్సాలో కరువు వచ్చినప్పుడు సరైన రవాణా లేదు. వానాకాలంలో రేవులు పనిచేయక ధాన్యం చేరలేదు. 1943లో బెంగాల్ కరువు నాటికి అక్కడ రైళ్లు, నదీ మార్గాలు ఉన్నాయి. అయినా సుమారు 30 లక్షల మంది మరణించారని అంచనా. ధాన్యం ఉన్నా ధరలు పెరిగి కూలీలు, జాలరులు కొనుక్కోలేకపోయారని అమర్త్య సేన్ 1981లో వెలువడిన తన గ్రంథంలో విశ్లేషించారు. మొదటిది ప్రధానంగా ధాన్యం అందని కరువు. రెండవది ప్రధానంగా కొనే శక్తి లేని కరువు.

ఈ తేడా కరువు కమిషన్‌కూ కొంతవరకు తెలుసు. అందుకే రైళ్లతోపాటు కరువు పనులను కూడా సూచించింది. 1883 నాటి కరువు నియమావళి ఆ సూచనల ఫలితమే. చెరువు పూడిక, రోడ్డు పని కల్పించి కూలి ఇస్తే ఆ కూలితో మనిషి ధాన్యం కొనుక్కుంటాడు. వంతెన ధాన్యాన్ని ఊరిదాకా తెస్తే, కూలి దానిని ఇంట్లోకి తెస్తుంది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లాలోని బండ్లపల్లిలో ప్రారంభమైంది. కరువు రైలు మొదలైన జిల్లాలోనే నూట ఇరవై సంవత్సరాల తరువాత రెండో సగానికి చట్టబద్ధమైన రూపం వచ్చిందని చెప్పవచ్చు.

ఈ రోజు అదే మార్గంలో బియ్యం బస్తాలతోపాటు పనులు వెతుక్కుంటూ వలసపోయే కుటుంబాలు కూడా ప్రయాణిస్తున్నాయి. మీ పరిశీలన పుస్తకంలో వారికి కూడా చోటుండాలి.

7.7 సారాంశం

1876–78 కరువు తరువాత, మెట్టభూములను డెల్టా మిగులుతో కలపడానికి గుంతకల్లు నుంచి కృష్ణా తీరానికి రక్షణ మార్గం వేశారు. నల్లమల లోయలను దాటడానికి ఎత్తైన వంతెన అవసరమైంది. రైలు వాలును సహించదు కాబట్టి లోయలోకి దిగలేదు. ఎత్తు పెరిగేకొద్దీ మట్టికట్ట ఖర్చు విపరీతంగా పెరుగుతుంది. ట్రస్ త్రిభుజాల అల్లికతో తక్కువ లోహంతోనే ఎక్కువ బరువు మోస్తుంది. పై అంచు నొక్కుడును, కింది అంచు లాగుడును భరిస్తాయి. రవాణా ధాన్యాన్ని దగ్గర చేస్తుంది. కొనే శక్తి లేకపోతే ఆ ధాన్యం ఆకలి తీర్చదు.

7.8 ముఖ్య పదాలు

ట్రస్: త్రిభుజాలుగా కడ్డీలను కలిపి చేసిన దూలం.
నొక్కుడు (సంపీడనం): కడ్డీని రెండు చివరల నుంచి లోపలికి నొక్కే బలం.
లాగుడు (తన్యత): కడ్డీని రెండు చివరల నుంచి బయటికి లాగే బలం.
బేరింగు: ట్రస్ బరువును స్తంభానికి చేర్చే ఆధారం.
రక్షణ మార్గం: లాభం కోసం కాక కరువు రక్షణ కోసం వేసిన రైలుమార్గం.

7.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బళ్లారి–కృష్ణా రైలుమార్గ నిర్మాణానికి దారితీసిన ఆర్థిక, భౌగోళిక కారణాలను వివరించండి.
2. ‘వంతెన ధాన్యాన్ని ఊరిదాకా తెస్తే, కూలి దానిని ఇంట్లోకి తెస్తుంది.’ ఉదాహరణలతో చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ట్రస్‌లో త్రిభుజాకారం ప్రాధాన్యాన్ని తెలపండి.
2. కరువు నివారణపై ఆర్థర్ కాటన్ వాదాన్ని మీ ప్రాంత అనుభవంతో పరిశీలించండి.

7.10 ‘మీ ప్రగతిని సరిచూసుకోండి’ – జవాబులు

1. పల్లెలకు ఎడ్లబండ్లే ఆధారం. మేత, నీరు లేక ఎడ్లు పనిచేయలేకపోయాయి. మేతను కూడా మోయవలసి రావడంతో ధాన్యానికి చోటు తగ్గింది.
2. రానుపోను 10 రోజులు, మేత 160 కిలోలు. మిగిలేది 440 కిలోలు.
3. (6 × 20) + (2 × 20 × 20) = 920 చదరపు మీటర్లు.
4. సన్నని కడ్డీని నొక్కితే పక్కకు వంగి విరుగుతుంది కాబట్టి.